వచ్చే ఏడు చూద్దాం!

ఇంట్లో మగవాళ్ళు ఆటల గురించి వాదించుకుంటూ కూర్చుంటే మనం ఏం చేస్తాం? "భోజనానికి లేస్తారా?" అని రెండుసార్లు మర్యాదగా పిలుస్తాం. మూడోసారి గిన్నెలు చప్పుడు చేస్తాం. ఇన్నేళ్ళూ నేనూ అంతే. అలాంటి వాదన ఒకటి నా చేత లైబ్రరీ పుస్తకాలు తెప్పించి చదివిస్తుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

కిందటేడు ఏప్రిల్లో న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాను. మా మరిదికీ, పదో తరగతి చదువుతున్న వాళ్ళబ్బాయికీ బేస్‌బాల్ పిచ్చి. వాళ్ళ టీములో కొత్తగా చేర్చుకున్న కుర్రాడెవడో బంతి తగలక తంటాలు పడుతున్నాడట. "వాణ్ణి కింది టీముకి పంపించెయ్యాలి డాడీ" అని వీడు. "సీజను మొదలై మూడు వారాలు కాలేదు, అప్పుడే పంపించేస్తార్రా?" అని ఆయన. ఒక్కో టీము 162 ఆటలు ఆడుతుందట. అప్పటికి అయినవి పట్టుమని ఇరవై కూడా లేవు.

నాకు నవ్వొచ్చింది. "ఆవకాయ కలిపిన మర్నాడే మూత తీసి, ఊరలేదని జాడీ పారబోసేట్టున్నావేరా నువ్వు!" అన్నాను.

"నీకు ఈ ఆట తెలీదు పెద్దమ్మా" అన్నాడు వాడు జాలిగా.

తెలీదు, నిజమే. కాని ఆ రోజు టీవీలో ఒక విచిత్రం కనిపించింది. మైదానంలో ఉన్న రెండు జట్ల వాళ్ళూ, ఒక్కరు కూడా మిగలకుండా, వీపు మీద 42 అనే అంకె వేసుకుని ఉన్నారు. ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అదే అడిగాను.

"ఇవాళ ఏప్రిల్ 15 వదినగారూ" అన్నాడు మా మరిది, మనం ఆగస్టు 15 అన్నంత గౌరవంగా. "1947లో ఈ రోజునే జాకీ రాబిన్సన్ మొదటి ఆట ఆడాడు. ఆయన నంబరు 42."

1947 అనగానే నాకు మన సంగతే గుర్తొచ్చింది. మనకి స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా నాలుగు నెలల ముందు అక్కడ ఇంకొకరికి ఒక తలుపు తెరుచుకుందన్నమాట. ఆ తలుపు ఎలా తెరుచుకుందో తెలుసుకుంటూ పోయిన కొద్దీ ఆట కంటే ఆ ఆట చుట్టూ ఉన్న మనుషులే నాకు ఎక్కువ నచ్చారు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మన క్రికెట్‌కి దూరపు చుట్టం. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బంతి కొట్టినవాడు పక్కనున్న ఫస్ట్ బేస్‌కి పరిగెత్తి, అక్కణ్ణించి రెండు, మూడు బేస్‌లు దాటి, బయల్దేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు. బంతిని కొట్టడం మాత్రం మహా కష్టం. పదిసార్లలో మూడుసార్లు సరిగ్గా కొట్టగలిగినవాడు గొప్ప ఆటగాడి కింద లెక్క. అంటే పదిటికి ఏడుసార్లు ఓడిపోయేవాణ్ణే నెత్తిన పెట్టుకుంటారు. ఇలాంటి ఆటలో నాలుగు రోజులు చూసి మనిషిని తేల్చెయ్యడం ఎంత తెలివితక్కువో మీరే ఆలోచించండి!

ఇక ఊరు. బ్రూక్లిన్ అంటే న్యూయార్క్ నగరంలో ఒక భాగం. వలస వచ్చిన ఇటాలియన్లు, యూదులు, ఐరిష్ వాళ్ళు, దక్షిణాది నుంచి బతకడానికి వచ్చిన నల్లవాళ్ళు, అందరూ ఇరుగ్గా సర్దుకుని ఉండే చోటు. వీధుల్లో ట్రామ్ బళ్ళు ఎక్కువ. వాటి కింద పడకుండా తప్పుకుంటూ నడిచే జనం కాబట్టి ఆ ఊరివాళ్ళని ఎగతాళిగా 'ట్రాలీ డాడ్జర్లు' అనేవారు. ఆ ఎగతాళి పేరే వాళ్ళ జట్టుకి అతుక్కుపోయి 'బ్రూక్లిన్ డాడ్జర్స్' అయింది. వాళ్ళ మైదానం ఎబ్బెట్స్ ఫీల్డ్. అది ఎంత చిన్నదంటే, గట్టిగా తిడితే ఆటగాడికి వినపడుతుంది.

గట్టిగా అరవడంలో అక్కడ మహారాణి హిల్డా చెస్టర్ అనే ఆవిడ. వేరుశెనగపప్పు పొట్లాలు కట్టే పని చేసుకు బతికిన పేద మనిషి. చవక టికెట్ల వరసలో కూర్చుని మైదానం దద్దరిల్లేలా కేకలు వేసేది. గుండెపోటు వచ్చాక, ఇక అరవడానికి వీల్లేదన్నాడు డాక్టరు. సరే, అరవనంది. పెనం, ఇనప గరిటె తెచ్చుకుని వాయించడం మొదలెట్టింది! ఆ మోత భరించలేకో, ప్రేమకొద్దీనో, ఆటగాళ్ళు ఆవిడకి ఆవుల మెడలో కట్టే పెద్ద గంట ఒకటి బహుమతిగా ఇచ్చారు.

ఈవిడ ఒకసారి ఏకంగా జట్టునే నడిపించింది. పీట్ రైజర్ అనే ఆటగాడు తరవాత్తరవాత చెప్పిన కథ ఇది. ఆట మధ్యలో హిల్డా ఒక చీటీ కిందికి పడేసి, దాన్ని మేనేజరు లియో డురోషర్‌కి ఇవ్వమంది. ఇప్పుడున్న పిచర్ అలిసిపోయాడు, ఫలానావాణ్ణి సిద్ధం చెయ్యి అని అందులో సలహా. రైజర్ దారిలో జట్టు అధ్యక్షుడికి నమస్కారం పెట్టి, వెళ్ళి చీటీ ఇచ్చాడు. అది చూసి డురోషర్ చీటీ అధ్యక్షుడిదే అనుకుని, బాగా ఆడుతున్న పిచర్‌ని తీసేశాడు. వచ్చినవాణ్ణి అవతలివాళ్ళు చితక్కొట్టారు. జట్టు ఎలాగో గట్టెక్కింది. తరవాత అసలు సంగతి తెలిసి డురోషర్ ముఖం ఎలా మారి ఉంటుందో! నాకైతే హిల్డా మీద గౌరవం పెరిగింది. పప్పు పొట్లాలు కట్టే చేత్తో రాసిన చీటీకి, అధ్యక్షుడు రాశాడనుకుంటే ఎంత విలువొచ్చిందో చూశారా?

అలాంటి ఊళ్ళో 1947 వసంతంలో ఒకటే చర్చ: రాబిన్సన్‌ని తీసుకోవాలా, వద్దా?

అంతకుముందు పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాడు కనిపించిన ఆఖరి సంవత్సరం 1884. తరవాత అరవై ఏళ్ళ పైన ఒక్కడికీ చోటు లేదు. చేర్చుకోకూడదని ఎక్కడా రాసి లేదు. రాయని కట్టుబాట్లు ఎంత గట్టిగా ఉంటాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. నల్లవాళ్ళు నీగ్రో లీగులని వేరే జట్లు పెట్టుకుని ఆడుకునేవారు.

డాడ్జర్స్ వ్యవహారాలు చూసే బ్రాంచ్ రికీ లాయరు చదువు చదివిన మహా గడుసువాడు, మంచి భక్తుడు. ఆదివారం పూట ఆటకి వచ్చేవాడు కాదు. న్యాయం అనే మాట ఎంత మనసులో ఉందో, జట్టు గెలవాలి, టికెట్లు అమ్ముడుపోవాలి అనే లెక్క కూడా అంతే ఉంది. 1945 ఆగస్టులో రాబిన్సన్‌ని పిలిపించి మూడు గంటలు కూర్చోబెట్టాడు. జనం ఎన్నెన్ని మాటలంటారో తనే అని చూపించాడట. ఎవరేమన్నా తిరిగి చెయ్యెత్తకుండా ఉండే ధైర్యం కావాలన్నాడు.

రాబిన్సన్ స్వభావానికి అది మామూలు పరీక్ష కాదు. సైన్యంలో లెఫ్టినెంటుగా ఉండగా 1944లో, బస్సులో వెనక సీటుకి పొమ్మంటే పోనన్నందుకు సైనిక విచారణ దాకా వెళ్ళి నిర్దోషిగా బయటపడ్డవాడు. అలాంటి మనిషిని నోరు మూసుకో అంటున్నారు. ఒప్పుకున్నాడు. 1946లో డాడ్జర్స్ కింది జట్టు మాంట్రియల్‌లో ఆడి, ఆ లీగులో అందరికంటే ఎక్కువ సగటు తెచ్చుకున్నాడు.

ఇక్కడ ఇద్దరు భార్యల గురించి చెప్పాలి. డాడ్జర్స్ ఆటలు రేడియోలో చెప్పే రెడ్ బార్బర్ దక్షిణాది మనిషి. నల్లవాణ్ణి తీసుకొస్తున్నానని రికీ ముందుగా రహస్యం చెబితే, ఇంటికొచ్చి ఉద్యోగం మానేస్తానన్నాడు. ఆయన భార్య లైలా వాదించలేదు. ఈ రాత్రే మానెయ్యక్కర్లేదుగా, కాస్త ఆలోచించమంది. ఆలోచించాడు, ఉండిపోయాడు. రాబిన్సన్ ఆటని అందరి ఆటలాగే, రంగు ప్రసక్తి లేకుండా చెప్పుకుపోయాడు. ఇంటింటా రేడియోలో ఆ గొంతే అలా మామూలుగా చెబుతుంటే, వినేవాళ్ళకి కూడా అది మామూలు సంగతి అయిపోదూ? లైలా ఆ రాత్రి అన్న మాట విలువ అంతటిది.

రెండో ఆవిడ రాబిన్సన్ భార్య రేచల్. నర్సింగ్ చదువుకున్న పిల్ల. అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. చంకలో అయిదు నెలల కొడుకు. ఏప్రిల్ 15న ఎబ్బెట్స్ ఫీల్డ్‌లో భర్త మొదటి ఆట చూడ్డానికి ఆ పసివాణ్ణి ఎత్తుకుని వచ్చింది. కాలిఫోర్నియా ఎండలకి అలవాటుపడ్డ తల్లి, న్యూయార్క్ చలికి సరిపడా బట్టలు వాడికి వెయ్యలేదు. హాట్‌డాగ్‌లు అమ్మేవాణ్ణి బతిమాలి పాలసీసా వెచ్చబెట్టించుకుందట. చరిత్ర పుస్తకాల్లో ఆ రోజు స్కోరు ఉంటుంది. నా మనసులో మాత్రం ఆ పాలసీసా ఉండిపోయింది.

అయితే ఆ రోజు వరకూ రావడమే గండంగా ఉంది. మార్చిలో జట్టు పనామాలో ఉండగా, దక్షిణాది ఆటగాళ్ళు కొందరు ఇతనితో ఆడమంటూ అర్జీ తయారుచెయ్యబోయారు. అది డురోషర్ చెవిన పడింది. అర్ధరాత్రి అందర్నీ నిద్రలేపి సైనిక బ్యారక్‌లో వంటింట్లో సమావేశపరిచాడు. ఎవడి రంగు ఏదైనా నాకనవసరం, గెలిపించేవాడు ఆడతాడు, ఇష్టంలేనివాళ్ళు వెళ్ళొచ్చు అన్నాడు. ఇలాంటి తగువులు తేలేది ఎక్కడైనా వంటింట్లోనే కాబోలు! కెంటకీ నుంచి వచ్చిన పీ వీ రీస్ ఆ అర్జీ మీద సంతకం పెట్టనన్నాడు. జనం ఎంతో ముద్దుచేసే డిక్సీ వాకర్ మాత్రం తనని వేరే జట్టుకి పంపమని రికీకి ఉత్తరం రాశాడు. ఎందుకో అందులో రాయలేదు. అక్కర్లేదు కూడా.

ఏప్రిల్ 9న మరో పిడుగు. జూదగాళ్ళతో సహవాసం వగైరా ఆరోపణల మీద డురోషర్‌నే ఏడాదిపాటు పక్కన పెట్టారు. ఆ మర్నాడే రాబిన్సన్‌ని పెద్ద జట్టులోకి తీసుకున్నట్టు ప్రకటన వచ్చింది. అండగా నిలబడ్డ మేనేజరు లేని ఇంట్లోకి కొత్త మనిషి అడుగుపెట్టాడు.

నల్లవాళ్ళ పేటల్లో వేరే జాగ్రత్త మొదలైంది. మితిమీరిన ఆనందంతో కేకలు, తగాదాలు పెట్టుకుని జాకీ అవకాశాన్ని పాడుచెయ్యకండని పెద్దలు బోధించారు. పిల్లని ఇచ్చిన పుట్టింటివాళ్ళు పెళ్ళిలో నోరెత్తకుండా, వియ్యాలవారికి కోపం రాకుండా మసులుకుంటారు చూడండి, అచ్చం అలాగే! ఇరవై అయిదు వేల పైచిలుకు జనం వచ్చిన మొదటి ఆటలో రాబిన్సన్ బ్యాటుకి ఒక్క హిట్టూ లేదు. కాని ఏడో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళ పొరపాటు వల్ల బేస్ చేరి, పరుగు చేశాడు. జట్టు 5-3తో గెలిచింది.

ఆ తరవాత వారం తిరిగేసరికి ఫిలడెల్ఫియా జట్టు వచ్చింది. వాళ్ళ మేనేజరు బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్ళు కూర్చున్న చోటి నుంచి తిట్టిన తిట్లు రాయడానికి కూడా బాగుండవు. ఆ రోజు తను తెగించి తిరగబడేంత దగ్గరికి వెళ్ళానని రాబిన్సన్ తరవాత రాశాడు. మాటిచ్చినందుకు ఊరుకున్నాడు. చివరికి సొంత జట్టు నుంచి స్టాంకీ అనే ఆటగాడు లేచి, తిరిగి అనలేనివాణ్ణి అనడం కాదు మగతనం అని అవతలివాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. అంతవరకూ ముఖాలు తిప్పుకున్న జట్టు ఆ రోజున ఒక్కటైందట. ఇంట్లో ఎంత పొడుచుకున్నా, పొరుగావిడ వచ్చి మన తోటికోడల్ని ఒక మాటంటే మనం ఊరుకుంటామా?

అయితే అసలు కష్టం తిట్లలో లేదు, ఆటలో వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకి భుజం నొప్పి, దానితో వరసగా ఇరవైసార్లు బ్యాటు పట్టి ఒక్కసారి కూడా హిట్టు కొట్టలేకపోయాడు. పైగా అతని అలవాటైన స్థానాల్లో రీస్, స్టాంకీ ఉన్నారు కాబట్టి, అంతకు ముందెన్నడూ ఆడని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు. ఆ చోటుకి ఇద్దరు పాతవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఒకడు హోవీ షుల్ట్జ్. ఆరున్నర అడుగుల మనిషి, మరీ పొడుగని సైన్యంలో చేర్చుకోలేదు. రెండోవాడు ఎడ్ స్టీవెన్స్. కిందటేడు ఆ చోట నిలబడి ఆడినవాడు.

ఇప్పుడు చెప్పండి. మేనేజరు కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు? రంగు సంగతి పక్కనపెట్టి లెక్క ప్రకారమే మాట్లాడుతున్నాం అని అనుకోవడం ఆ వారంలో చాలా సుళువు. "పాపం, ప్రయత్నించాడు, కుదరలేదు" అనెయ్యొచ్చు. కొత్త కోడలు మొదటి నెలలో చారులో ఉప్పెక్కువ వేస్తే "వాళ్ళింటి పద్ధతే అంత" అంటాం. సొంత కూతురు వేస్తే "ఇవాళ ఏదో పరధ్యానంలో ఉన్నట్టుంది" అంటాం. ఉప్పు ఒకటే. తీర్పులే రెండు.

రికీ ఏం చేశాడంటే, మే 10న షుల్ట్జ్‌ని 50 వేల డాలర్లకి ఫిలడెల్ఫియాకి అమ్మేశాడు. స్టీవెన్స్‌ని మాంట్రియల్‌కి పంపేశాడు. ఫస్ట్ బేస్‌కి ఇంకెవరూ మిగల్లేదు. అంటే వాదన ముగిసిందని చెప్పకనే చెప్పాడు. హిట్లు రానప్పుడు నమ్మడమే నమ్మకం. వచ్చాక నమ్మడంలో గొప్పేముంది?

జూన్ వచ్చేసరికి రాబిన్సన్ వరసగా 21 ఆటల్లో హిట్లు కొట్టాడు. ఏడాది చివరికి సగటు .297. అంటే పదిటికి దాదాపు మూడు. దొంగిలించిన బేస్‌లు 29, లీగులో అందరికంటే ఎక్కువ. కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడికి ఇచ్చే బహుమతి ఆ ఏడే పుట్టింది, మొదట అందుకున్నది ఇతనే. ఎబ్బెట్స్ ఫీల్డ్‌కి ఆ సీజనులో 18 లక్షల పైచిలుకు జనం వచ్చారు. జట్టు లీగు గెలిచి, ఆఖరి పోటీలో యాంకీస్ చేతిలో ఏడో ఆటలో ఓడిపోయింది. ఉత్తరం రాసిన డిక్సీ వాకర్ కూడా జట్టుని ఇంతదూరం తెచ్చినవాళ్ళలో రాబిన్సన్ ముఖ్యుడని ఒప్పుకున్నాడు. తను చేసింది తప్పని ముసలితనంలో పైకే అన్నాడు. అతన్ని ఆ డిసెంబరులోనే వేరే జట్టుకి మార్చేశారు.

స్టీవెన్స్ సంగతేమిటని మీరు అడగొచ్చు. నేనూ అదే వెతికాను. తన చోటు పోయిందన్న బాధ అతనికి అరవై ఏళ్ళ తరవాత కూడా పోలేదు. రాబిన్సన్ కథకి రెండో పక్క అంటూ 2009లో పుస్తకమే వేశాడు. ఎంత మంచి మార్పయినా దాని ఖరీదు ఎవరో ఒకరి జేబులోంచే వెడుతుంది. అతని బాధ నిజమే. కాని అరవై ఏళ్ళపాటు అసలు బరిలోకే రానివ్వని వాళ్ళ పుస్తకాలు ఎన్ని ఉండాలి?

బ్రూక్లిన్ అభిమానులకి ఒక ఊతపదం ఉండేది. ఆఖరి పోటీ ఓడిపోయినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాం" అనేవారు. 1947లో అన్నారు. 1949లో అన్నారు. 1952లోనూ, 1953లోనూ అన్నారు. చివరికి 1955లో గెలిచారు. జట్టులో రాబిన్సన్ ఉన్నాడు. 1957 సీజను కాగానే యజమాని జట్టుని లాస్ ఏంజెలెస్‌కి తరలించుకుపోయాడు. 1960లో ఎబ్బెట్స్ ఫీల్డ్ కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. హిల్డా గంటకి చోటు లేకుండా పోయింది.

ఆ ఊతపదం నాకు బాగా నచ్చింది. తరవాత ఆలోచిస్తే భయం కూడా వేసింది. ఎందుకంటే నల్లవాళ్ళకి అరవై ఏళ్ళు చెప్పింది కూడా అదేగా! ఇప్పుడు కాదు, జనం సిద్ధంగా లేరు, వచ్చే ఏడు చూద్దాం. రాబిన్సన్‌కి తలుపు తెరిచేసరికే అతనికి 28 ఏళ్ళు. అంతకుముందువాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. వాళ్ళాడిన నీగ్రో లీగులు కూడా పెద్ద లీగులేనని ఒప్పుకున్నది 2020లో. వినడానికి వాళ్ళలో ఎందరు మిగిలారు?

మాట ఒకటే అయినా రెండు ఓపికలున్నాయి. మనిషిని తేల్చెయ్యడానికి మనం పట్టాల్సిన ఓపిక ఒకటి. న్యాయం కోసం ఎదుటివాణ్ణి పట్టమనే ఓపిక రెండోది. మొదటిది ఎంతయినా తక్కువే. రెండోది ఒక్క రోజయినా ఎక్కువే. మనం చాలాసార్లు తారుమారు చేస్తుంటాం.

రాబిన్సన్ 1972లో, 53 ఏళ్ళకే పోయాడు. 1997లో 42 అనే అంకెని అన్ని జట్లూ ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేశాయి. ఏడాదికి ఆ ఒక్క రోజు మాత్రం అందరూ వేసుకుంటారు.

పుస్తకాలు ముగించేసరికి మే నెల వచ్చింది. ఇండియన్ స్టోరులో పచ్చిమామిడికాయలు దొరికితే నేనూ చెల్లెలూ కాస్త ఆవకాయ పెట్టాం. మూడోరోజు జాడీ తీసి తిరగకలుపుతుంటే హాల్లోంచి మళ్ళీ అదే వాదన. మా వాడు వంటింట్లోకి వచ్చి, "నువ్వు చెప్పు పెద్దమ్మా, వాణ్ణి ఉంచాలా, పంపాలా?" అన్నాడు.

"ఎన్ని ఆటలయ్యాయి?"

"ముప్ఫై."

"ఇంకా 132 ఉన్నాయిగా" అని, వేలితో కాస్త ఆవకాయ తీసి వాడి నాలిక మీద పెట్టాను.

"ఉప్పు ఎక్కువైంది" అన్నాడు మొహం చిట్లించి.

"ఊరనీరా" అన్నాం నేనూ చెల్లెలూ ఒకేసారి.